పాత బీబీసీ మైక్రోలో ‘బ్యాడ్ ప్రోగ్రామ్’: డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు దారిలో ఎక్కడ చెడిపోయాయి? – ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని కంప్యూటర్ బీబీసీ మైక్రో, మోడల్ బి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ సంస్థ తయారు చేసిన ఈ యంత్రం 1981 చివరలో వచ్చింది. 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ, రోమ్‌లోనే బేసిక్ భాష, వెనుక భాగంలో సీరియల్ సాకెట్, కావాలంటే విడిగా చేర్చుకునే ఐదుంబావు అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ కనెక్షన్ దీని సరంజామా. మన దేశంలోని బడులకు ఇది 1984-85లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘క్లాస్’ ప్రాజెక్టు ద్వారా చేరింది. దేవరకొండలో ఉంటున్న ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తాను పనిచేసిన బడిలో పాత సామాను వేలం వేసినప్పుడు డ్రైవ్‌తో సహా దీన్ని కొనుక్కుని బీరువాలో దాచుకున్నారు. ఆయన ఫ్లాపీల్లో చాలావాటికి బూజు పట్టింది. అప్పట్లో పిల్లలకు గ్రాఫులు గీయించిన ప్రోగ్రాముల వంటివి ఇంటర్నెట్‌లో డిస్క్ ఇమేజ్‌ల (ఫ్లాపీ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసిన నకళ్ల) రూపంలో దొరుకుతున్నాయని తెలుసుకున్న మనవడు వాటిని డౌన్‌లోడ్ చేసి, కేబుల్ ద్వారా ఈ యంత్రానికి పంపడం మొదలుపెట్టాడు. నల్లగొండలోని మా రిపేరు షాపుకు కేసు వచ్చింది ఆ దశలోనే.

సారు చెప్పిన ఫిర్యాదు ఇది: “తెర మంచిగనే వస్తది, కీబోర్డు మంచిగనే కొడతది తమ్మీ. డౌన్‌లోడ్ చేసి ఎక్కిచ్చినయి మాత్రం ఒక్కటి నడుస్తలేదు. ఎన్నిసార్లు ఎక్కిచ్చినా బ్యాడ్ ప్రోగ్రామ్ అనే అంటది.”

ఫైలు ప్రయాణించిన దారిని ముందు కాగితం మీద రాయించుకున్నాను. వెబ్‌సైటు నుంచి సెల్‌ఫోన్‌కు, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఫైలు వస్తుంది. అక్కడ డిస్క్ ఇమేజ్‌ను విప్పి ఒక్కో ప్రోగ్రామ్‌ను విడదీస్తారు. దాన్ని టెర్మినల్ ప్రోగ్రామ్ (సీరియల్ తీగ మీద బైట్లు పంపి, అందుకునే సాఫ్ట్‌వేర్) యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్‌లోకి పంపితే, ఇంట్లో సోల్డర్ చేసుకున్న కేబుల్ మీదుగా బీబీసీ మైక్రో వెనుకనున్న ఆర్‌ఎస్-423 సాకెట్‌లోకి వెళ్తుంది. అటువైపు నాలుగు లైన్ల బేసిక్ ప్రోగ్రామ్ ఒకటి ఒక్కో బైటును ‘గెట్’తో చదివి, ‘బీపుట్’తో ఫ్లాపీలో రాస్తుంది. సెకనుకు 4800 బిట్ల వేగం పెట్టుకున్నారు. అంటే ప్రతి బైటుకూ ముందొక స్టార్ట్ బిట్, వెనుకొక స్టాప్ బిట్ కలిపి పది బిట్లు కాబట్టి, సెకనుకు 480 బైట్లు.

యంత్రం విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. ఈ మోడల్ పవర్ సప్లైలోని పాత ఫిల్టర్ కెపాసిటర్లు వయసు మీద పడితే పగిలి పొగ వదులుతాయన్నది వీటిని బాగుచేసే వారందరికీ తెలిసిన సంగతే. అందుకని మరేదీ చూడకముందే వాటిని మార్చాను. డ్రైవ్ హెడ్ తుడిచాను. యంత్రంలోనే టైపు చేసిన ప్రోగ్రామ్‌ను సేవ్ చేసి మళ్లీ లోడ్ చేస్తే సరిగానే వచ్చింది. కాబట్టి డ్రైవ్, మెమరీ, బేసిక్ రోమ్ మూడూ అనుమానితుల జాబితాలోంచి బయటపడ్డాయి.

ఇలాంటి కేసుల్లో నేను వినియోగదారుని కోరే మొదటి విషయం, పాడైన ఫైలును చెరపవద్దని. వచ్చిన ఫైలు పనిచేయకపోతే దాని మీదే మళ్లీ ఎక్కించడం, అప్పటికీ రాకపోతే కేబుల్ కదిలించి, వేగం తగ్గించి మరోసారి ఎక్కించడం అందరికీ అలవాటు. టెలిఫోన్ లైన్ల మీద మోడెమ్‌తో ఫైళ్లు దించుకున్న కాలంలో ఈ అలవాటుకు కొంత అర్థముంది. వాన పడితే లైన్‌లో గరగర వచ్చేది, కాసేపాగి ప్రయత్నిస్తే ఫైలు నిజంగానే దిగేది. ఆ రోజుల నుంచి ‘లైన్ బాగలేదు’ అన్న మాట ప్రతి చెడిన ఫైలుకూ తయారు సమాధానమైపోయింది. మీటరు పొడవున్న కేబుల్ మీద గరగర వల్ల పాడయ్యే ఫైళ్లు తక్కువే. మధ్యలో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ మంచి ఉద్దేశంతోనే బైట్లను మార్చడం వల్లనో, ఒకరి వేగాన్ని మరొకరు అందుకోలేకపోవడం వల్లనో పాడయ్యేవే ఎక్కువ. వీటిలో ప్రతి కారణమూ ఫైలు మీద తనదైన ముద్ర వేస్తుంది. ఆ ముద్రను చదవాలంటే పాడైన ఫైలు చేతిలో ఉండాలి.

మూలం దగ్గర మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఇమేజ్‌లను, ప్రతి బైటునూ అంకెగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మొదటి కొన్ని బైట్లు చూస్తే రెండు ఫైళ్లు అక్కడే తేలిపోయాయి. (బైట్ల విలువలను ఈ వ్యాసంలో దశాంశంలోనే ఇస్తున్నాను, తెర మీద అవి హెక్స్‌లో కనిపిస్తాయి.) ఒకటి 60, 33తో మొదలైంది. అది వెబ్ పేజీ మొదట్లో ఉండే గుర్తు. ఫోన్‌లో లింకును నొక్కిపట్టి సేవ్ చేసినప్పుడు ఇమేజ్‌కు బదులు, ‘డౌన్‌లోడ్ కోసం ఇక్కడ నొక్కండి’ అని చెప్పే పేజీ అదే పేరుతో సేవ్ అయింది. రెండోది 80, 75తో మొదలైంది. అది విప్పని జిప్ ఫైలు, పేరు మాత్రమే మార్చారు. మిగిలిన ఇమేజ్‌లకు వెబ్‌సైటులో ఇచ్చిన సీఆర్‌సీ (ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కకట్టే సరిచూపు సంఖ్య) విలువలతో ల్యాప్‌టాప్‌లోని విలువలు సరిపోయాయి. వెబ్‌సైటు నుంచి ల్యాప్‌టాప్ దాకా దారి శుభ్రంగా ఉందని దానితో తేలింది. ఇక మిగిలింది ల్యాప్‌టాప్‌కూ ఫ్లాపీకీ మధ్య దారి.

ఇప్పుడు పాడైన బేసిక్ ప్రోగ్రామ్ ఒకదాన్ని బీబీసీ మైక్రోలోనే ‘డంప్’ కమాండ్‌తో తెర మీద పరిచాను. ఈ యంత్రంలో బేసిక్ ప్రోగ్రామ్ డిస్కు మీద ఎలా ఉంటుందో తెలిస్తే సగం పని అయినట్లే. ప్రతి లైనూ 13 అన్న బైటుతో మొదలవుతుంది. తరువాతి రెండు బైట్లు లైను నంబరు, పెద్ద భాగం ముందు. నాలుగో బైటు ఆ లైను మొత్తం పొడవు. ఆ తరువాత అసలు సరుకు. ప్రోగ్రామ్ ముగింపునకు గుర్తు 13, 255. బేసిక్ ఒక లైను నుంచి మరో లైనుకు పోవడానికి ఆ పొడవు బైటునే నమ్ముకుంటుంది. అన్ని బైట్లు దాటి దిగిన చోట 13 కనిపించకపోతే ‘బ్యాడ్ ప్రోగ్రామ్’ అని ప్రకటించి ఊరుకుంటుంది. ఎంత పాడైందో, ఎక్కడ పాడైందో ఆ సందేశం చెప్పదు. ఒక్క బైటు ఎక్కువైనా, వెయ్యి బైట్లు పోయినా అదే మాట.

సరైన ఫైలులో 10వ లైను 13, 0, 10 అని మొదలై, ఆ తరువాత లైను పొడవు రావాలి. పాడైన ఫైలులో 13, 10, 0, 10 అని ఉంది. మొదటి 13కీ సున్నాకూ మధ్య ఎవరూ పిలవని 10 ఒకటి వచ్చి కూర్చుంది. బేసిక్ దాన్ని చదివే తీరు చూడండి: లైను నంబరు పెద్ద భాగం 10, చిన్న భాగం 0, కాబట్టి అది 2560వ లైను; దాని పొడవు 10 బైట్లు. పది బైట్లు దాటి దిగితే అక్కడ మాట మధ్యలో పడుతుంది. తరువాతి లైన్ల దగ్గర చూసినా ప్రతి 13 వెనుకా ఒక 10 ఉంది. 13 అంటే లైను చివర క్యారేజ్ రిటర్న్, 10 అంటే లైన్ ఫీడ్. పంపే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో ‘లైను చివర లైన్ ఫీడ్ చేర్చు’ అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. సాదా పాఠ్యం పంపేటప్పుడు అది మేలే చేస్తుంది, ప్రోగ్రామ్‌ను పంపేటప్పుడు దాని వెన్ను విరుస్తుంది. సారు ఇంట్లో సాదా పాఠ్యం ఫైళ్లు బాగానే వచ్చి ప్రోగ్రాములు మాత్రమే చెడిపోవడానికి కారణం ఇదే. ఆ తేడాను వారు గమనించారు గానీ, దాన్ని కారణంతో ముడిపెట్టలేదు.

ఇదే డంప్‌లో మరో అనుమానమూ తీరింది. బీబీసీ బేసిక్ ప్రతి కీలకపదాన్నీ 127 కంటే పెద్దదైన ఒక బైటుగా కుదిస్తుంది: ప్రింట్‌కు 241, రెమ్‌కు 244, ఫర్‌కు 227, గోటూకు 229. దారిలో ఎక్కడైనా ఏడు బిట్ల అమరిక ఉంటే ఎనిమిదో బిట్ రాలిపోయి వీటిలో ప్రతిదాని నుంచీ 128 తగ్గుతుంది. అప్పుడు ప్రింట్ ఉండవలసిన చోట 113, అంటే చిన్న బడి ‘క్యూ’ అక్షరం. ఫర్ ఉండవలసిన చోట ‘సి’, గోటూ చోట ‘ఈ’, రెమ్ చోట ‘టీ’ కనిపిస్తాయి. ప్రోగ్రామ్ చివర ఉండే 255 కూడా 127గా మారి ముగింపు గుర్తే మాయమవుతుంది. 1980లలో చాలా టెలిఫోన్ సర్వీసులు ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్) వాడేవి కాబట్టి పాత పుస్తకాల్లో ఆ అమరికే కనిపిస్తుంది. ఆ కాలపు కేసుల్లో ఈ ‘క్యూ’ల వరుస తరచూ ఎదురయ్యేది. సారు ఫైలులో 241లు 241లుగానే ఉన్నాయి. కాబట్టి బిట్ల అమరికను ముట్టుకోలేదు.

అసలు ప్రోగ్రాములతో పరీక్షలు చేయడం అక్కడితో ఆపేశాను. దారిని పరీక్షించడానికి ప్రోగ్రామ్ కంటే మంచి సాధనం ఒకటుంది: 0 నుంచి 255 దాకా ప్రతి విలువా ఒక్కసారి, వరుసగా ఉన్న 256 బైట్ల ఫైలు. అందులో ఏది పోయినా, ఏది చేరినా, ఏది మారినా వరుస తప్పుతుంది, తప్పిన చోటే కారణం చెబుతుంది. 13 తరువాత 10 చేరితే 257 బైట్లు వస్తాయి. ఎనిమిదో బిట్ పోతే రెండో సగం మొదటి సగంలాగే ఉంటుంది. 17, 19 రెండూ మాయమై 254 బైట్లు వస్తే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌షేక్ (ఆ రెండు బైట్లనే ‘పంపు’, ‘ఆగు’ ఆజ్ఞలుగా వాడే పద్ధతి) వాటిని మింగుతోంది. 26 దగ్గర ఫైలు ఆగిపోతే, 26ను ‘ఫైలు ముగిసింది’ అనుకునే పాత డాస్ తరహా ప్రోగ్రామ్ ఏదో మధ్యలో ఉంది. టిక్కు తీయకముందు ఈ ఫైలును పంపితే 12, 13, 10, 14 అన్న వరుసతో 257 బైట్లు వచ్చాయి. టిక్కు తీశాక 256 బైట్లూ వరుసగా వచ్చాయి.

ఇక్కడితో కేసు ముగిసిందని మనవడు సంతోషపడ్డాడు. చిన్న ప్రోగ్రాములు నిజంగానే నడిచాయి. పెద్దవి మాత్రం మళ్లీ అదే ‘బ్యాడ్ ప్రోగ్రామ్’.

చిన్నవి వచ్చి పెద్దవి రాకపోతే కారణం ఫైలులోని బైట్ల విలువల్లో లేదు, పరిమాణంలోనో సమయంలోనో ఉంది. 256 బైట్ల వరుసనే పదహారు సార్లు పేర్చి 4,096 బైట్ల ఫైలు తయారు చేసి పంపితే 3,884 బైట్లే వచ్చాయి. డంప్‌లో వరుస ఒకే ఒక్కచోట, అదీ మొదట్లోనే తెగింది: 254 తరువాత 255 ఉండవలసిన చోట 211 ఉంది. 255 ఒకటి, 0 నుంచి 210 దాకా 211, మొత్తం 212 బైట్లు పోయాయి. 4,096లోంచి 212 తీసేస్తే 3,884. లెక్క సరిపోయింది కాబట్టి నష్టం మరెక్కడా జరగలేదు.

గరగర వల్ల అయితే బైట్లు అక్కడక్కడా మారతాయి. ఇలా రెండు వందల పైచిలుకు బైట్లు ఒకే కోతలో పోయి మిగతా అంతా శుభ్రంగా ఉండదు. కారణం డ్రైవ్ మోటారు. ‘బీపుట్’ ఒక్కో బైటునూ డిస్కు మీద రాయదు. 256 బైట్లు, అంటే ఒక సెక్టార్ నిండాకే రాస్తుంది. ఫైలు తెరిచినప్పుడు తిరిగిన మోటారు, మనవడు ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి ‘సెండ్’ నొక్కేలోగా ఆగిపోతుంది. మొదటి సెక్టార్ నిండగానే మోటారు మళ్లీ తిరిగి వేగం అందుకోవాలి, అప్పటిదాకా బేసిక్ ప్రోగ్రామ్ నిలబడిపోతుంది. ఆ సమయంలో వచ్చే బైట్లను ఆపరేటింగ్ సిస్టమ్ తన 256 బైట్ల సీరియల్ బఫర్‌లో (తాత్కాలికంగా దాచే చోటులో) పట్టుకుంటుంది. సెకనుకు 480 బైట్ల చొప్పున ఆ బఫర్ అర సెకను దాటగానే నిండిపోతుంది. ఇంకో 212 బైట్లు పోవడానికి దాదాపు 0.44 సెకను. రెండూ కలిపితే ఒక సెకను లోపు, అంటే పాత ఫ్లాపీ మోటారు లేచి పని అందుకునేంత సేపు. ఆ తరువాత మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మిగతా సెక్టార్ల దగ్గర నష్టం లేదు.

బఫర్ నిండబోతుంటే బీబీసీ మైక్రో ఊరుకోదు. ఆర్‌టీఎస్ అన్న తీగ మీద ‘ఆగు’ అని సంకేతమిస్తుంది. కేబుల్ విప్పి చూస్తే అందులో మూడే తీగలున్నాయి: పంపేది, అందుకునేది, గ్రౌండ్. బీబీసీ మైక్రో వైపు ఆర్‌టీఎస్‌ను పక్కనే ఉన్న సీటీఎస్‌కు (ఎదుటివారి ‘పంపవచ్చు’ సంకేతం అందుకునే తీగకు) కలిపి వదిలేశారు. అలా కలిపితే ఈ యంత్రం బైట్లు పంపడానికి ఒప్పుకుంటుంది గానీ, దాని ‘ఆగు’ సంకేతం ల్యాప్‌టాప్‌కు చేరదు. ఐదు తీగలతో కొత్త కేబుల్ చేసి, రెండు దిక్కులా ఆర్‌టీఎస్‌ను ఎదుటివారి సీటీఎస్‌కు కలిపి, టెర్మినల్ ప్రోగ్రామ్‌లో, ఈ తీగల సంకేతాలను పాటించే హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ ఆన్ చేశాను. (ఈ సాకెట్‌లోకి ప్లగ్గు తలకిందులుగా కూడా దూరుతుంది. అలా పెడితే ఫైలు పాడవదు, అసలేమీ రాదు. అందుకే ప్లగ్గు పై అంచున తెల్ల రంగు చుక్క పెట్టాను.)

కొత్త కేబుల్‌తో నష్టం చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈసారి కోతలో పోయినవి కొన్ని బైట్లే. ఆపరేటింగ్ సిస్టమ్ మామూలుగా బఫర్‌లో తొమ్మిది ఖాళీలు మిగిలినప్పుడు ‘ఆగు’ అంటుంది. యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్‌కు మాత్రం తన లోపల మరో చిన్న బఫర్ ఉంది. ‘ఆగు’ విన్నా అప్పటికే తీసుకున్న బైట్లను పంపించివేస్తుంది. సాగర్ ఎడమ కాలువ మీద తూము షట్టరు దించాక కూడా, అప్పటికే కాలువలోకి దిగిన నీళ్లు చివరి మడి దాకా వచ్చినట్లే ఇది. షట్టరు ముందుగా దించమని చెప్పడమే ఉపాయం. ‘ఎఫ్‌ఎక్స్ 203, 64’ అన్న కమాండ్‌తో అరవై నాలుగు ఖాళీలు ఉండగానే ఆపమని చెప్పాను. 4,096 బైట్ల ఫైలు వరుస తప్పకుండా వచ్చింది.

అయినా ఈ పద్ధతిని సారు చేతిలో అలా వదిలేయడం నాకు నచ్చలేదు. తప్పు జరిగితే చెప్పేవారు లేని దారి అది. ఈరోజు బాగుండి రేపు తీగ వదులైతే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని యంత్రంలో టెర్మినల్ ప్రోగ్రామ్ ఉన్న రోమ్ చిప్ ఒకటి అమర్చి ఎక్స్‌మోడెమ్‌కు మార్చాను. 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ రూపొందించిన ఈ ప్రోటోకాల్ ఫైలును 128 బైట్ల బ్లాకులుగా కోసి, ప్రతి బ్లాకు ముందు 1 అన్న గుర్తు, బ్లాకు నంబరు, 255లోంచి ఆ నంబరును తీసివేసిన విలువ, చివర చెక్‌సమ్ పెట్టి పంపుతుంది. అందుకున్నవారు సరిపోతే 6, సరిపోకపోతే 21 పంపుతారు. 21 వస్తే అదే బ్లాకు మళ్లీ వస్తుంది. తొలి రూపంలోని చెక్‌సమ్ ఒట్టి కూడిక. రెండు బైట్లు చోటు మార్చుకుంటే అది పసిగట్టలేదు. అందుకే రెండు వైపులా వీలుంటే సీఆర్‌సీ రకాన్నే ఎంచుకోవాలి. ఇక్కడ రెండు వైపులా వీలైంది. బ్లాకు అందాక ఒప్పుకోలు వెళ్లేదాకా తరువాతి బ్లాకు రాదు కాబట్టి ఫ్లాపీ మోటారు సమస్య కూడా దానంతటదే పోయింది.

ల్యాప్‌టాప్ నుంచి పంపడం సాఫీగా సాగింది. ఎక్కించిన ఫైలును తిరిగి ల్యాప్‌టాప్‌కు రప్పించి అసలుతో బైటు బైటుగా పోల్చితేనే నేను తృప్తిపడతాను. దానితోపాటు సారు పాత ఫ్లాపీల్లో బతికి ఉన్న ఫైళ్లను కూడా కాపాడుకోవాలి. ఆ తిరుగు దారిలో కొత్త సమస్య బయటపడింది. సారు 1980లలో టైపు చేసుకున్న ఇంగ్లిషు ప్రశ్నపత్రం ఒకటి, కేవలం అక్షరాలున్న ఫైలు, ల్యాప్‌టాప్‌లో సరిగ్గా 2,048 బైట్లు వచ్చి ఆగిపోయింది. మళ్లీ పంపినా 2,048 దగ్గరే. 0 నుంచి 255 వరుస ఉన్న పరీక్ష ఫైలైతే మొదటి బ్లాకు కూడా దాటలేదు.

ఎక్స్‌మోడెమ్ ఎక్కడ ఆగిందన్న దాని నుంచి తెలిసేది చాలా ఉంది. ప్రతిసారీ వేరువేరు బ్లాకుల దగ్గర ఆగితే తప్పు తీగలోనో వేగంలోనో ఉంది. ప్రతిసారీ ఒకే బ్లాకు దగ్గర ఆగితే ఆ బ్లాకులో ఉన్న ఏదో విలువ దారికి గిట్టడం లేదు. 2,048 బైట్లంటే పదహారు బ్లాకులు. ఆగింది పదిహేడో బ్లాకు. ఆ బ్లాకులో ఉన్నవి అక్షరాలే, కానీ బ్లాకు ముందున్న నంబరు 17. సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌షేక్‌లో ‘ఆపిన పంపకం తిరిగి మొదలుపెట్టు’ అనే ఎక్స్-ఆన్ సంకేతం కూడా 17. ల్యాప్‌టాప్ డ్రైవర్ ఆ బైటును తనకు వచ్చిన ఆజ్ఞ అనుకుని మింగేసి, మిగతా బ్లాకును ప్రోటోకాల్‌కు అందిస్తోంది; నంబరు లేని బ్లాకును ప్రోటోకాల్ తిరస్కరిస్తోంది; మళ్లీ పంపిన బ్లాకులోనూ అదే 17, మళ్లీ అదే మింగుడు. ఒకవేళ 17 దాటినా 19 దగ్గర అంతకంటే గట్టిగా చిక్కుకునేది. 19 అంటే ‘ఆగు’ కాబట్టి ల్యాప్‌టాప్ తన జవాబులనే ఆపేస్తుంది. పరీక్ష ఫైలు మొదటి బ్లాకులోనే 17, 19 రెండూ ఉన్నాయి, అందుకే అది మొదటి అడుగులోనే పడిపోయింది.

మనవడు కేబుల్ సమస్యతో కుస్తీ పడుతున్నప్పుడు సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌షేక్‌నూ ఆన్ చేసి ఉంచాడు. వెళ్లే దారిలో అది బయటపడకపోవడానికి కారణముంది: డ్రైవర్ తన దగ్గరికి వచ్చే 17, 19లనే మింగుతుంది, తాను పంపే వాటిని ముట్టుకోదు. ఒక దిక్కున మాత్రమే కనిపించే తప్పును కేబుల్ తప్పుగా పొరబడడం చాలా సులువు. సెట్టింగ్ తీసేయగానే ప్రశ్నపత్రం మొత్తం వచ్చింది. ఒకవేళ ఆ సెట్టింగ్ తీయడానికి వీల్లేని పరికరం మధ్యలో ఉంటే ఎక్స్‌మోడెమ్ వదిలి కెర్మిట్‌కు మారాలి. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన కెర్మిట్, ఇలాంటి నియంత్రణ బైట్లను మామూలు అక్షరాల జతలుగా మార్చి పంపుతుంది, అటువైపు తిరిగి కలుపుతుంది. నెమ్మదైనా మొండి దారుల్లో కూడా నడుస్తుంది.

తరువాత వచ్చిన రెండు ఫిర్యాదులు చూడటానికి ఫైలు పాడైనట్లే ఉన్నా, నిజానికి పాడవడం కాదు. మొదటిది సీఆర్‌సీ తేడా. 2,300 బైట్ల ప్రోగ్రామ్ వెళ్లి వచ్చేసరికి 2,304 బైట్లయింది. 128 చొప్పున పద్దెనిమిది బ్లాకులు నింపడానికి ఎక్స్‌మోడెమ్ చివరి బ్లాకులో నాలుగు 26లు చేర్చింది. బేసిక్ 13, 255 దగ్గరే ఆగుతుంది కాబట్టి ఆ నాలుగు దాన్ని బాధించవు. పోల్చే ముందు వాటిని కత్తిరించుకుంటే సీఆర్‌సీ సరిపోతుంది. రెండోది మెషిన్ కోడ్ ప్రోగ్రాములు నడిపించగానే యంత్రం బిగుసుకుపోవడం. వీటిలో ఒక్క బైటు కూడా మారలేదు. పోయింది చిరునామా. ఈ యంత్రంలో ప్రతి ఫైలుకూ మెమరీలో ఎక్కడ దిగాలి, ఎక్కడి నుంచి నడవాలి అన్న రెండు చిరునామాలు ఫైలులో కాకుండా డిస్కు కేటలాగులో (ఫైళ్ల పట్టికలో) ఉంటాయి. ఎక్స్‌మోడెమ్ ఫైలును మోస్తుంది గానీ కేటలాగును మోయదు. ఇమేజ్ విప్పినప్పుడు ల్యాప్‌టాప్‌లో ప్రతి ప్రోగ్రామ్ పక్కనా ‘ఐఎన్‌ఎఫ్’ అన్న చిన్న పాఠ్యం ఫైలు తయారవుతుంది, అందులో ఆ చిరునామాలు ఉంటాయి. ఆ చిరునామా దగ్గర లోడ్ చేసి, రెండు చిరునామాలతో సహా తిరిగి సేవ్ చేయడం మనవడికి నేర్పాను.

అప్పటికి దారి అంతా బాగుపడింది. మనవడు మరికొన్ని ఇమేజ్‌లు ఫోన్‌లోనే దించి పంపసాగాడు. వాటిలో ఒక ప్రోగ్రామ్ మాత్రం ఎన్ని విధాల చూసినా చివర చెత్త చూపించింది. ఈసారి ఎక్స్‌మోడెమ్ ఒక్క బ్లాకునూ తిరస్కరించలేదు, తిరుగు పోలికలోనూ తేడా లేదు. అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నదే యథాతథంగా వచ్చింది, తప్పు మూలంలో ఉంది. ఆ వెబ్‌సైటు సీఆర్‌సీ విలువలు ఇవ్వలేదు. అప్పుడు ఇమేజ్‌లోని కేటలాగే సాక్షి.

ఈ డిస్కు పద్ధతిలో మొదటి రెండు సెక్టార్లు కేటలాగు, అందులో గరిష్ఠంగా 31 ఫైళ్లు. రెండో సెక్టార్ ఏడు, ఎనిమిదో బైట్లను కలిపి చదివితే డిస్కులో మొత్తం సెక్టార్లు ఎన్నో తెలుస్తుంది. నలభై ట్రాకుల డిస్కుకు 400, ఎనభై ట్రాకులదైతే 800. ఆ లెక్కన నలభై ట్రాకుల పూర్తి ఇమేజ్ 1,02,400 బైట్లు ఉండాలి. అయితే పరిమాణం తక్కువైనంత మాత్రాన ఇమేజ్ పాడైందని తీర్పు చెప్పకూడదు. చివర ఖాళీగా ఉన్న సెక్టార్లను కత్తిరించి పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ. చూడవలసింది కత్తిరింపు ఖాళీలో పడిందా, ఫైలులో పడిందా అన్నది. కేటలాగులో ఫైళ్లు డిస్కు మీద ఉన్న వరుసకు తలకిందులుగా ఉంటాయి కాబట్టి, మొదటి పేరే డిస్కు చివరన ఉన్న ఫైలు. ఆ ఒక్కదాన్ని చూస్తే చాలు. ఇక్కడ అది 352వ సెక్టార్‌లో మొదలై 40 సెక్టార్లు పరుచుకుంది. అంటే ఇమేజ్ కనీసం 392 సెక్టార్లు, 1,00,352 బైట్లు ఉండాలి. చేతిలో ఉన్నది 98,304 బైట్లు, 384 సెక్టార్లు. చివరి ఎనిమిది సెక్టార్లు అసలు దిగనే లేదు. పైగా 98,304 అంటే సరిగ్గా 96 కిలోబైట్లు. ఇలాంటి గుండ్రటి అంకె దగ్గర ఫైలు ఆగిందంటే, ఎవరో ఆలోచించి కత్తిరించింది కాదు, డౌన్‌లోడ్ మధ్యలో తెగిందని నేను అనుమానిస్తాను.

ఫోన్‌ను పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లోనే నేరుగా అదే ఇమేజ్‌ను దించితే 1,00,352 బైట్లు వచ్చాయి. మరో ఆర్కైవ్‌లో ఉన్న ప్రతిని కూడా దించి రెండింటి సీఆర్‌సీ చూశాను, సరిపోయాయి. సిగ్నల్ పోయినప్పుడు సగం ఫైలునే పూర్తయినట్లు చూపించిన ఆ ఫోన్ యాప్‌ను మనవడు తీసేశాడు. కొత్త ఇమేజ్‌లోని చివరి ప్రోగ్రామ్‌ను ఎక్కించి, ఐఎన్‌ఎఫ్‌లోని చిరునామాలతో సేవ్ చేస్తే సైన్ వక్రం తెర అంచు దాకా వచ్చింది. యంత్రాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు 0 నుంచి 255 దాకా వరుస ఉన్న రెండు పరీక్ష ఫైళ్లను ఒక ఫ్లాపీలో, ల్యాప్‌టాప్‌లో పెట్టి, టెర్మినల్ సెట్టింగులు రాసిన కాగితాన్ని డ్రైవ్ పెట్టె మీద అతికించాను. సారు ఫ్లాపీల్లో రెండు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాటి బయటి ట్రాకుల్లో బూజు హెడ్‌కు అంటుకుంటోంది కాబట్టి, కడిగి ఆరబెట్టాకే వాటిని చదవబోతాను.